డ్రమ్ము నిండా గ్యాస్, పొయ్యిలో మంట లేదు: మంగళగిరి దగ్గర ఒక హాస్టల్ బయోగ్యాస్ ప్లాంట్ కేసు

"డ్రమ్ము పైదాకా లేచే ఉందండీ, పొయ్యి మాత్రం అంటుకోవట్లేదు." ఫిబ్రవరిలో మంగళగిరి దగ్గర ఒక హాస్టల్ నుంచి, వాళ్ళ బయోగ్యాస్ ప్లాంట్ గురించి వచ్చిన ఫోన్ ఇది. డ్రమ్ము అంటే గుంత మీద మూతలా తేలుతూ, గ్యాస్ చేరేకొద్దీ పైకి లేచేది. గ్యాస్ రావట్లేదు అంటే సవాలక్ష కారణాలు ఉంటాయి. గ్యాస్ ఉంది, మండట్లేదు అంటే మాత్రం ముందు చూడాల్సినవి రెండే. పైపులో నీళ్ళన్నా నిలిచి ఉండాలి, డ్రమ్ములో మండే మీథేన్ తగ్గి, మండని కార్బన్ డయాక్సైడ్ అన్నా పేరుకుని ఉండాలి. మొదటిది అయిదు నిమిషాల పని. రెండోది నెల పని.

ప్లాంట్ సంగతి

హాస్టల్ గుంటూరు-విజయవాడ రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. మెస్సులో తినేవాళ్ళు అయిదారు వందల మంది. యజమానిది వ్యవసాయ కుటుంబం, పక్క ఊళ్ళో ఇరవై గేదెల డెయిరీ, కరకట్ట వైపు అరటి తోట ఉన్నాయి. రోజుకు సగటున 100 కిలోలకు పైగా చెత్త వచ్చే సంస్థలు తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే చూసుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఉండేది. ఆ మాట చెవిన పడ్డాక, పేడ ఎలాగూ ఉంది కదా అని ప్లాంట్ కట్టించారు. కట్టింది వేరేవాళ్ళు. నేను వెళ్ళేనాటికే అది కొన్ని నెలలుగా నడుస్తోంది.

ఖాదీ కమిషన్ పద్ధతిలో నీళ్ళ జాకెట్ మీద, అంటే గుంత చుట్టూ ఉన్న నీళ్ళ వలయంలో, తేలే ఫైబర్ డ్రమ్ము, రోజుకు 25 ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే సైజు. కింద గుంతలో దాదాపు 40 వేల లీటర్ల స్లర్రీ, అంటే నీళ్ళు కలిపిన పేడ, తిండి ద్రవం, పడుతుంది. ఈ సైజు ఎలా వచ్చిందంటే, తాజా పేడ కిలోకి సుమారు 40 లీటర్ల గ్యాస్ ఇస్తుంది. ఘనపు మీటరుకు 25 కిలోలు కావాలి. అంటే ఉత్త పేడతో నడిపితే రోజుకు 625 కిలోల పేడ, అంతే నీళ్ళు. మన ఆంధ్ర ఎండలకు స్లర్రీ లోపల 30 రోజులు ఉంటే చాలు. రోజుకు 1250 లీటర్ల లెక్కన ముప్పై రోజులకు 37,500 లీటర్లు. గుంత సైజు సరిపోయింది. కట్టుబడి బాగుంది, పైపుల వాలు బాగుంది. కట్టినవాళ్ళు చెప్పనిదల్లా రోజూ అందులో ఏం వేయాలి, ఎంత వేయాలి, ఏం వేయకూడదు అన్నదే. దాని మీద చిన్న కాగితం ముక్క కూడా ఇవ్వలేదు.

అయినా మొదట్లో బాగానే నడిచింది. ఇరవై గేదెలు, ఒక్కోదానికి 15 కిలోల చొప్పున 300 కిలోల పేడ. మెస్సు నుంచి మిగిలిన అన్నం, కూరలు, కాయగూరల తొక్కలు కలిపి 150 కిలోల దాకా. వండిన తిండి కిలోకి సుమారు 100 లీటర్ల గ్యాస్ వస్తుంది. పేడ నుంచి 12, తిండి నుంచి 15, మొత్తం 27 ఘనపు మీటర్లు. సంక్రాంతి సెలవుల దాకా ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

పండగ తర్వాత

సెలవుల్లో హాస్టల్ ఖాళీ. ప్లాంట్‌లో పేడ తప్ప ఏమీ పడలేదు. అదే సమయానికి మిరప కోతలు మొదలయ్యాయి. గుంటూరు జిల్లాలో జనవరి నుంచి మార్చి దాకా కూలీ దొరకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. డెయిరీ నుంచి రోజూ పేడ బండి తోలే మనిషి కూడా కోతలకు వెళ్ళిపోయాడు, అక్కడ కూలి ఎక్కువ. పిల్లలు తిరిగి వచ్చేసరికి పేడ రావడం దాదాపు ఆగిపోయింది.

యజమానికి అది పెద్ద సమస్యగా అనిపించలేదు. ఆయన లెక్క ఆయనకుంది. కిలో పేడకు 40 లీటర్లు, కిలో అన్నానికి 100 లీటర్లు అయితే ఇక పేడ మొయ్యడం దేనికి? అప్పుడే మాఘమాసం ముహూర్తాలు వచ్చాయి. దగ్గర్లోని కల్యాణ మండపాలవాళ్ళు విందు మిగుళ్ళు ఎక్కడ పారబొయ్యాలా అని చూస్తుంటారు, ఈయన రమ్మన్నాడు. రోజుకు 350 కిలోల దాకా తిండి గుంతలో పడింది. గ్యాస్ నిజంగానే పెరిగింది. మొదటి పది పన్నెండు రోజులు డ్రమ్ము ముందెప్పుడూ లేవనంత పైకి లేచిందని వంటమాస్టారు కూడా చెప్పాడు. ఆ పెరుగుదలే వీళ్ళను మోసం చేసింది.

కాగితం మీద చూసినా ఇందులో తప్పు దొరకదు. 300 కిలోల పేడలో కుళ్ళే పదార్థం దాదాపు 45 కిలోలు, 150 కిలోల అన్నం కూరల్లో 30 కిలోలు, కలిపి 75. ఉత్త తిండి 350 కిలోలు వేసినా అందులో కుళ్ళే పదార్థం 70 చిల్లరే. గుంత మీద పడే బరువు మారలేదు, మారింది వేగం. పేడ అంటే గేదె కడుపులో ఒకసారి అరిగి వచ్చింది, మిగిలిన పీచు నెమ్మదిగా కరుగుతుంది. ఉడికిన అన్నం ఒకటి రెండు రోజుల్లో ఆమ్లంగా మారిపోతుంది.

గుంత లోపల పని చేసే సూక్ష్మజీవులు ఒక రకం కాదు. తిండిని ఆమ్లంగా మార్చేవి గంటల్లో రెట్టింపవుతాయి. ఆ ఆమ్లాన్ని తిని మీథేన్ ఇచ్చేవాటికి రోజులు పడుతుంది. ముందువి తయారు చేసినంత వెనకవి తినలేకపోతే ఆమ్లం మిగిలిపోతుంది. మిగిలిన ఆమ్లాన్ని కొన్నాళ్ళు అడ్డుకునేది స్లర్రీలోని క్షారం, అంటే బైకార్బనేట్. ఆమ్లం దానితో కలిసినప్పుడల్లా కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. డ్రమ్ము పైకి లేవడానికి కారణం ఇదే. లేపుతున్నది మంటకు పనికొచ్చే గ్యాస్ కాదు, గుంత తన నిల్వ క్షారాన్ని ఖర్చుపెట్టుకుంటుంటే వచ్చే గ్యాస్.

ఆ క్షారం వచ్చేది ఎక్కువగా పేడ నుంచే. గేదె కడుపులోంచి మీథేన్ సూక్ష్మజీవులు రోజూ కొత్తగా వచ్చి చేరేదీ పేడతోనే. వాటికి కావలసిన నికెల్, కోబాల్ట్ లాంటి ఖనిజాలు అన్నంలో చాలా తక్కువ. అందుకే కలగలుపు ప్లాంట్లలో పేడను గ్యాస్ కోసం వేస్తున్నామని అనుకోకూడదని నేను అందరికీ చెబుతాను. గ్యాస్ తిండి నుంచి వస్తుంది. ఆ తిండిని తట్టుకునే శక్తి పేడ నుంచి వస్తుంది.

చూసింది, కొలిచింది

ముందు వంటింట్లో పైపు చివర నీళ్ళు పట్టే ట్రాప్ విప్పించాను. చలికాలం రాత్రుళ్ళు గ్యాస్‌లోని తేమ పైపులో నీరై కూర్చుంటుంది, మంట ఎగిరెగిరి పడుతుంది. గ్లాసుడు నీళ్ళు వచ్చాయి. మళ్ళీ వెలిగిస్తే పొయ్యి పాలిపోయిన నీలం రంగులో ఒక క్షణం అంటుకుని, బర్నర్ పైనుంచి లేచి ఆరిపోయింది. సమస్య పైపుది కాదని తేలిపోయింది.

తర్వాత సిరంజి పరీక్ష. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 50 మిల్లీలీటర్ల గ్యాస్ సిరంజిలోకి లాగి, కొంచెం కాస్టిక్ సోడా నీళ్ళు పీల్చి, మూతి మూసి బాగా కుదపాలి. చేతికి గ్లోవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కార్బన్ డయాక్సైడ్ సోడాలో కలిసిపోతుంది, మిగిలిన గ్యాస్ ఇంచుమించు మీథేన్. ఆరోగ్యంగా ఉన్న ప్లాంట్‌లో 50కి 30 మిగలాలి. ఇక్కడ 18 మిగిలింది, అంటే 36 శాతం. నలభైకి దిగువన మామూలు బర్నర్ మీద మంట నిలవడం నేను చూడలేదు.

ఔట్‌లెట్ దగ్గరికి వెళ్ళకముందే వాసన చెప్పేసింది. బాగా అరిగిన స్లర్రీ నల్లగా ఉంటుంది, పక్కన నిలబడినా పెద్దగా కంపు కొట్టదు. ఇది బూడిద రంగులో, నురగ కట్టి, మూడు రోజులు తొట్టిలో వదిలేసిన కుడితిలా పుల్లగా కొడుతోంది. చేత్తో తీసి చూస్తే అన్నం మెతుకులు మెతుకుల్లాగే ఉన్నాయి, చింతగింజలు, కరివేపాకు రెబ్బలు. మీటరులో పీహెచ్, అంటే ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, 5.9; ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. ఉండాల్సింది 6.8 నుంచి 7.5 మధ్య. స్లర్రీ వేడి 26 డిగ్రీలు, ఈ సూక్ష్మజీవులకు ఇష్టమైన 35కి చాలా తక్కువ. చలి ఈ జబ్బు తేలేదు, కానీ ఎక్కువ చేసింది.

పీహెచ్ ఆలస్యంగా పడుతుంది. క్షారం అయిపోయేదాకా అది 7 దగ్గరే నిలబడి, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. అందుకే ఆమ్లానికీ క్షారానికీ మధ్య నిష్పత్తి చూస్తాను. వడకట్టిన స్లర్రీ 20 మిల్లీలీటర్లు తీసుకుని, పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ 5కి ఎంత పట్టింది, అక్కణ్ణుంచి 4.4కి ఎంత పట్టింది అని రాసుకుని, ఆ రెండు అంకెలను సూత్రంలో వేస్తే నిష్పత్తి వచ్చేస్తుంది. 0.4 లోపు ఉంటే నిశ్చింత. 0.8 దగ్గరికొస్తే మేత, అంటే గుంతలో రోజూ వేసే పేడ, తిండి, ఆపెయ్యాలి. ఇక్కడ ఒకటి దాటింది.

డ్రమ్మును తిప్పి చూద్దామంటే కదల్లేదు. లోపల స్లర్రీ పైన చెయ్యి మందాన తెట్టు కట్టి ఉంది. విందుల్లోని అరటాకుల ఈనెలు, చావిట్లో గేదెలు వదిలేసిన నేపియర్ గడ్డి కాడలు అల్లుకుపోయి చాపలా గట్టిపడ్డాయి. క్రషర్‌లో వేసినా అరటాకు నలగదు, చీలికలై షాఫ్ట్‌కు చుట్టుకుంటుంది.

వైద్యం

డ్రమ్ములోని పనికిరాని గ్యాస్‌ను ఆరుబయట, నిప్పుకు దూరంగా వదిలించాం. మంట లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోకూడదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది, వదిలేటప్పుడు ఎక్కడో ఒకచోట ఆ పాళ్ళు కుదురుతాయి. ప్లాంట్ దగ్గర అగ్గిపుల్ల గీసి గ్యాస్ ఉందా లేదా అని చూసే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది, అది పూర్తిగా మానాలి. గుంతలోకి మనిషిని దించడం కూడా అంతే. గుంతలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు, కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. తెట్టు మొత్తం పైనుంచి పొడవాటి దంతెలతోనే లాగించాను.

మేత పూర్తిగా ఆపేశాం. ఔట్‌లెట్ నుంచి 5 వేల లీటర్లు తోడి, అరటి తోట చివర ఎండాకుల గుంతలో పోయించి, ఒక గోశాల ప్లాంట్ నుంచి అంతే కొలతకు నడుస్తున్న స్లర్రీ ట్యాంకర్‌తో తెచ్చి కలిపాం. పెరుగుకు తోడు ఎంత అవసరమో దీనికీ అంతే.

ఆమ్లం విరవడానికి సున్నం కాకుండా వంటసోడా వాడాను. సున్నం చౌకే. కానీ అది గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుని సుద్దగా మారి అడుక్కి చేరుతుంది, కొంచెం ఎక్కువైతే పీహెచ్ ఎక్కడికో ఎగురుతుంది. వంటసోడాతో ఆ భయం లేదు. లీటరుకు ఒకటిన్నర గ్రాము లెక్కన 40 వేల లీటర్లకు 60 కిలోలు. ఒకేసారి కాకుండా నాలుగు విడతలుగా నీళ్ళలో కరిగించి ఇన్‌లెట్‌లో పోశాం. సోడా రోగం నయం చెయ్యదు, మీథేన్ జీవులు కోలుకోవడానికి గడువు ఇస్తుంది. నెలనెలా సోడా వేస్తూ తిండి మాత్రం అలాగే గుమ్మరించే ప్లాంట్లు కొన్ని చూశాను. అలా వేస్తూ పోతే సోడియం పేరుకుని అదే విషమవుతుంది.

తర్వాత పేడ మాత్రమే, మొదట రోజుకు 150 కిలోలు. ఈ దశలో యజమానికి టెన్షన్ మొదలైంది. ముందు డ్రమ్ము అయినా లేచి ఉండేది, ఇప్పుడు అదీ లేదు. "మీరొచ్చాక ఉన్న గ్యాస్ కూడా పోయిందేంటండీ?" అని అడిగేశాడు. ఆయనకు సిరంజిలో చూపించాను. రెండో వారానికి 50కి 25 మిగిలింది. డ్రమ్ము సగం కూడా లేవకముందే పొయ్యి అంటుకుంది, మంట నిలిచింది. మూడో వారం చివరికి పీహెచ్ 6.9కి వచ్చింది. అప్పుడుగానీ తిండి మొదలుపెట్టలేదు, అదీ 30 కిలోలతో.

మార్చినవి

అన్నిటికన్నా ముందు పేడ రవాణా. రోజూ బండి తోలే మనిషి మీద ఆధారపడితే వచ్చే మిరప కోతలకు మళ్ళీ ఇదే కథ. ప్లాంట్ పక్కన ఒక తొట్టి కట్టించి, వారానికి రెండు మూడు సార్లు ట్రాక్టర్ ట్రక్కుతో పేడ తెప్పించి నీళ్ళు కలిపి నిల్వ ఉంచమన్నాను. రెండు మూడు రోజుల నిల్వలో కొంత గ్యాస్ పోతుంది, పోనివ్వండి. అసలు పేడే లేకపోవడం కన్నా నయం.

రెండోది, తూకం. ఇన్‌లెట్ దగ్గర కాటా పెట్టించాం. తిండి బరువు పేడ బరువులో సగం దాటకూడదు. పేడ రాని రోజు తిండి కూడా లేదు. తిండిని వారానికి పదో వంతుకు మించి పెంచొద్దు. రోజు మేత ఒకేసారి కాకుండా పొద్దున సగం, సాయంత్రం సగం. మండపాల విందు మిగుళ్ళు పూర్తిగా మానేశారు. లడ్డూలు, వేపుళ్ళ నూనె, ఐస్‌క్రీమ్ కలిసిన ఆ సరుకు గుంతకు మేలు చెయ్యదు. నూనె ఎక్కువైతే నురగ కడుతుంది.

మూడోది, ఏరివేత. ఇది నేను మార్చింది కాదు, అక్కడ పని చేసే ఒక పెద్దావిడ పుణ్యం. గేదెలకు కుడితి పెట్టి పెరిగిన మనిషి. డబ్బాలు బల్ల మీద కుమ్మరించి చేత్తో ఏరుతుంది. నిమ్మడిప్పలు ఒక పక్క, చింతపండు పిప్పి, కోడిగుడ్డు పెంకులు, మునక్కాడ పీచు, ప్లాస్టిక్ చెంచాలు ఇంకో పక్క. ఊరగాయ కలిసిన అన్నం వేరే. "గేదె ముట్టనిది దీనికి మాత్రం ఎట్టా సయిస్తది బాబూ?" అంది. ఆ కొలతలో తప్పు లేదు. నిమ్మ, బత్తాయి తొక్కల్లోని నూనె ఈ జీవులకు పడదు. పెంకులు అడుగున పేరుకుంటాయి. మన పచ్చళ్ళలో ఉప్పు ఎంత ఉంటుందో తెలిసిందే, అది గుంతలో చేరితే బయటికి పోయే దారి స్లర్రీ ఒక్కటే. ఆమె పద్ధతికి నేను చేర్చింది ఒక్కటే, కుళ్ళిన కాయగూరలు గేదె తినకపోయినా గుంతకు పనికొస్తాయి అని.

పొలం చెత్త విషయంలో యజమాని ఆశలు పెద్దవి. అరటి గెల కోశాక బోదెలు టన్నులకొద్దీ మిగులుతాయి. ముక్కలు చేయించి కొన్నాళ్ళు వేయించాం. తొంభై శాతానికి పైగా నీళ్ళే, మిగిలింది నార. వచ్చిన గ్యాస్ కోత కూలికి కూడా సరిపోలేదు, పైగా తెట్టు మళ్ళీ మొదలైంది. ఇప్పుడు బోదెలు గుంత తీసి, మీద స్లర్రీ పోసి కుళ్ళబెడుతున్నారు. అమ్ముడుపోని మగ్గిన పళ్ళు మాత్రం ప్లాంట్‌కు వస్తాయి. వరిగడ్డి అడిగారు, వద్దన్నాను. కార్బన్, నత్రజని నిష్పత్తి 20 నుంచి 30 మధ్య ఉంటే బాగుంటుంది, పేడది ఇంచుమించు అదే. వరిగడ్డిది 70, 80 దాకా పోతుంది. సన్నగా పొడి చేయించి వేసే పెద్ద ప్లాంట్లకు అది పనికొస్తుంది. ఈ సైజు డ్రమ్ములో తేలి కూర్చుంటుంది, గేదెలకే వెయ్యండి.

వచ్చిన లాభం

ఘనపు మీటరు బయోగ్యాస్ సుమారు 0.43 కిలోల ఎల్‌పీజీతో సమానం. 27 ఘనపు మీటర్లకు లెక్కలో 11 కిలోల చిల్లర. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి పది అనుకోండి. రెండు రోజులకు ఒక 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మిగులుతోంది. అన్నం, పప్పు దీని మీద, పోపులూ వేపుళ్ళూ సిలిండర్ మీద. అయిదారు వందల మంది మెస్సుకు గ్యాస్ ఖర్చు మొత్తం పోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. బర్నర్ల జెట్‌లు, అంటే గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రాలు, పెద్దవి చేయించాల్సి వచ్చింది, ఎల్‌పీజీ జెట్‌తో ఈ గ్యాస్ సరిగా మండదు. లైన్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టేందుకు తుప్పు పట్టిన ఇనుప రజను నింపిన ఫిల్టర్ పెట్టాక గిన్నెల అడుగులు నల్లబడటం, బర్నర్ తినేయడం తగ్గింది. రజను రంగు మారి నల్లబడినప్పుడల్లా తీసి తడిపి గాలికి ఆరబెట్టాలి. అది వేడెక్కుతుంది, ఎండుగడ్డి దగ్గర ఆరబెట్టొద్దు.

స్లర్రీ అరటికి వెళ్తోంది. "కూరల్లో ఉప్పు చేలో చేరదా?" అని తోట చూసే రైతు అడిగాడు, న్యాయమైన ప్రశ్న. పచ్చళ్ళు ఆపాక కూడా నేరుగా మొక్క మొదట్లో పొయ్యొద్దని, కాలవ నీళ్ళలో కలిపి పారించమని చెప్పాం. ఏటా ఒకసారి మట్టి పరీక్షలో ఉప్పు శాతం చూడాలి. ఎండబెట్టి అమ్ముదామన్న ఆలోచన వదులుకున్నారు, ఎండలో నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

వేసవి సంగతి

ఏప్రిల్‌లో హాస్టల్ ఖాళీ అవుతుంది. పేడ మాత్రం ఆగకూడదు. రోజుకు 12 ఘనపు మీటర్లు వస్తాయి, వాడేవాళ్ళు ఉండరు. ఊరికే గాలిలోకి వదిలేస్తే, వందేళ్ళ లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు ఇరవై ఎనిమిది రెట్ల వరకు వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. అందుకని డెయిరీ దాణా ఉడకబెట్టే పొయ్యిని ఇక్కడికే మార్పించాం. ఆ రోజుల్లోనే నున్న మామిడి మార్కెట్ నుంచి పాడైన కాయలు ఇస్తామని ఒకరు వచ్చారు. మామిడిలో చక్కెర ఎక్కువ, అన్నం కన్నా వేగంగా పులుస్తుంది. రోజుకు 20 కిలోలు, టెంకలు తీసేసి, అదీ పేడ నిండుగా ఉన్న రోజునే అని ఒప్పుకున్నాం. జూన్‌లో పిల్లలు వచ్చాక మొదటి వారం 50 కిలోలు, అక్కణ్ణుంచి వారానికింత అని కాటా పక్క గోడ మీద పెయింట్‌తో రాయించాను. పేడ బరువు, తిండి బరువు రోజూ ఆ పెద్దావిడ మనవడు నోట్‌బుక్‌లో రాస్తున్నాడు, సిరంజి పరీక్ష వారానికి ఒకసారి వంటమాస్టారు చేస్తున్నాడు. 50కి 27 కన్నా తక్కువ మిగిలితే, డ్రమ్ము ఎంత పైకి లేచి ఉన్నా సరే, ఆ పూట మేత ఆపి నాకు ఫోన్ చేస్తారు.